జాబితాలో రెండో పేరు

జబల్ రహ్మా, 8 సెప్టెంబరు 2011

ఖమీస్,

ఎన్నికకు మన జాబితా నిన్న గఫ్సాలో దాఖలు చేశాం. గుమాస్తా కళ్ళద్దాలు సర్దుకుని పేర్లు పైకి చదివాడు. ఒకటి, ఖమీస్ బూలారి, న్యాయవాది, ట్యూనిస్ నగరం. రెండు, నజీహా బూలారి, ఉపాధ్యాయిని, జబల్ రహ్మా. ఆ తర్వాత ఒక మగ, ఒక ఆడ, అలా ఏడో పేరు దాకా. ఆడ మగ వరుసగా రావాలని కొత్త చట్టం. ఎవరు ముందో చట్టం చెప్పలేదు. మనవాళ్ళకు చెప్పనక్కర్లేదు కూడా.

యూనియన్ హాల్లో ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. మొదట నా పేరే అనుకున్నారు. అప్పుడు కాఫీ కొట్టు అమ్మర్ లేచాడు. "టీచరమ్మంటే మాకు ప్రాణం. కాదన్నవాడెవడు? కానీ పైన ఆడపేరు కనబడితే గనుల్లోవాళ్ళు ఓటెయ్యరు గదా. తమ్ముణ్ణి పెడదాం. ఇంట్లోవాడేగా! వాడు కూర్చుంటే టీచరమ్మ కూర్చున్నట్టే," అన్నాడు. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. ఎత్తకపోతే తమ్ముణ్ణి చూసి ఏడుస్తోందంటారు.

నిజం చెప్పాలంటే ఏడుస్తూనే ఉన్నాను. మూడేళ్ళ కిందట గనుల ఉద్యోగాల్లో మోసం జరిగిందని ఊరంతా రోడ్డెక్కినప్పుడు పది నెలలు జైల్లో ఉన్నది నేను. ఫ్రెంచి టీవీలో "మా అక్క" అంటూ మాట్లాడింది నువ్వు. నా జైలు నాకు నడుం నొప్పి ఇచ్చింది, నీకు పేరు తెచ్చింది.

ఫోన్ చెయ్యవచ్చుగా అంటావు. ఇరవై ఏళ్ళు మన ఫోన్‌లో చాటుగా వినే మూడోవాడి దగ్గు విన్నాక నాకు ఫోనంటే విసుగు పుట్టింది. ఆ దగ్గేవాడు ఇప్పుడు ఏం చేస్తున్నాడో గాని, ఫోన్‌లో ఎప్పుడూ నువ్వే మాట్లాడతావు. అందుకని మునుపటిలాగే మన్సూర్ సర్వీసు కారులో ఉత్తరం పంపుతున్నాను. పొద్దున్న ఇస్తే సాయంత్రానికి నీకు చేరుతుంది.

మనకు గొడుగు గుర్తు ఇచ్చారు. వానే పడని ఊరికి గొడుగు. అమ్మ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది.

అక్క,
నజీహా


ట్యూనిస్, 15 సెప్టెంబరు 2011

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బాధపడ్డాను. మూడో రోజు కోర్టులో పని ఎక్కువై మర్చిపోయాను. ఇవాళ మళ్ళీ గుర్తొచ్చి కూర్చుని రాస్తున్నాను. ఇలా ఉన్నది ఉన్నట్టు చెబితే నీకు కోపం తగ్గుతుందని నాకు తెలుసు.

నేను అడగలేదు అక్కా. వాళ్ళు ఫోన్ చేశారు, సరేనన్నాను. ఒకటైనా రెండైనా మనిద్దరం ఒకే ఇంటివాళ్ళం. రేపు ఈ సభ రాసేది దేశానికి కొత్త రాజ్యాంగం. యాభై ఏళ్ళలో మొదటిసారి ఎవరు గెలుస్తారో ముందు తెలియకుండా ఎన్నిక జరుగుతోంది. ఇలాంటప్పుడు వరుస గురించి ఆలోచించడం నీ స్థాయికి తగదు.

పోస్టరు నమూనా పంపుతున్నాను. నా ఫొటో కొంచెం పెద్దదిగా ఉంది. ప్రింటింగు ప్రెస్సువాడే అలా పెట్టాడు, నేను చెప్పలేదు. నీది కిందకి వచ్చింది కానీ స్పష్టంగానే ఉంది.

అమ్మను వేయించిన పిండి పంపమను. ఇక్కడ కొనేది నోట్లో పెట్టుకోలేం.

తమ్ముడు,
ఖమీస్


జబల్ రహ్మా, 19 అక్టోబరు 2011

ఖమీస్,

"నీ స్థాయికి తగదు" అన్న మాటను కత్తిరించి వంటింట్లో అంటించాను. ఉల్లిపాయ తరగాల్సినప్పుడల్లా చూస్తున్నాను. ఉల్లిపాయతో పని లేకుండానే కళ్ళు మండుతున్నాయి.

ప్రచారం బాగా సాగుతోంది. గోడల మీద జాబితాకో గడి చొప్పున రంగుతో గీసి నంబర్లు వేశారు. మనది నలభై ఒకటి. ఎవరి గడిలో వాళ్ళే అంటించుకోవాలి. నీ పెద్ద ఫొటో పోస్టర్లు మార్కెట్టు, గని గేటు, మసీదు వీధి వచ్చేసరికి అయిపోయాయి. ఆడవాళ్ళు నీళ్ళకు వచ్చే వీధికి మిగల్లేదు. అందుకని గఫ్సాలో రెండు వందలు వేయించాను. తొందరలో నీ ఫొటో దొరకలేదు, నాది ఒక్కటే వేశారు. కింద గొడుగు ఉందిలే.

ఇల్లిల్లూ తిరుగుతున్నాను. గని కూలిపోయి మొగుణ్ణి పోగొట్టుకున్న హద్దా లేదూ, నేను వెళ్తే చాప పరిచింది. "నీకే ఏస్తానే. చదువు రాకపోయినా నీ మొహం గుర్తుపడతాను. ఆ గొడుగు పక్కన గీత గీస్తే నువ్వు ట్యూనిస్ ఎళ్ళి కూచుంటావు, అంతేగా?" అంది.

"అంతే," అన్నాను.

ఏం చెప్పమంటావు? మొదటి పేరు, రెండో పేరు, ఓట్లను సీట్లతో భాగించడం, మిగిలిన శేషం, ఇవన్నీ చాప మీద కూర్చుని టీ తాగుతూ చెప్పేవా? ఓటైతే పడుతుందిగా.

నువ్వు ఆదివారం ఒక్క పూట వచ్చి సభలో మాట్లాడి వెళ్ళావు. నా కాళ్ళకు బొబ్బలు. బాగా మాట్లాడావనే అంటున్నారు.

నజీహా


ట్యూనిస్, 30 అక్టోబరు 2011

అక్కా అక్కా అక్కా,

గెలిచాం! గఫ్సాకు ఏడు సీట్లు ఉంటే ఆఖరి సీటు శేషంలో మనకు వచ్చింది. ఒక్కటే సీటు, అయితేనేం, అది మన గొడుగు. నీలం సిరా ఉన్న వేలు పట్టుకుని వారం రోజులుగా తిరుగుతున్నాను, కడగాలనిపించడం లేదు.

గుంపులు గుంపులుగా జనం, నాలుగు గంటలు ఎండలో నిలబడి ఎవరూ విసుక్కోకుండా ఓటేశారు. మా వరుసలో ఒక ముసలాయన ఏడుస్తూ ఓటేశాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఒక సంగతి. ఆడవాళ్ళ వీధి పోలింగు కేంద్రాల్లో గొడుగుకు పడినన్ని ఓట్లు ఇంకెక్కడా పడలేదట. అది నీ వల్లే, ఒప్పుకుంటున్నాను. ఇకనుంచి ఊళ్ళో నాకు నువ్వే దిక్కు. జనం ఏ అర్జీ తెచ్చినా తీసుకుని నాకు పంపు. నీకు అందరూ తెలుసు కదా. నువ్వు అక్కడ, నేను ఇక్కడ.

తమ్ముడు,
ఖమీస్ (రాజ్యాంగ సభ సభ్యుడు. ఒక్కసారి రాసి చూసుకున్నాను, నవ్వకు)


జబల్ రహ్మా, 4 డిసెంబరు 2011

గౌరవనీయ సభ్యుల వారి సముఖానికి, వారి అర్జీల గుమాస్తా వ్రాయునది.

నిన్ను టీవీలో చూశాం. హద్దా, ఇంకో పదిమంది ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చారు, మా టీవీ పెద్దదని. అమ్మ నీ మొహం రాగానే టీవీని తుడిచింది. మొత్తం సభ అంతా తుడిచింది, నువ్వు ఎక్కడున్నావో కనబడక.

తర్వాత నువ్వు నవ్వావు. ఇంట్లో అందరం నోరు మూసుకున్నాం. నీ పళ్ళు తెల్లగా ఉన్నాయి ఖమీస్. మన నీళ్ళు తాగి పెరిగినవాళ్ళలో తెల్లపళ్ళు ఎవరికైనా చూశావా? నాకు గోధుమరంగు, అమ్మకు గోధుమరంగు, హద్దాకు ఉన్న మూడూ గోధుమరంగే. పై ఊళ్ళకు పెళ్ళిళ్ళకు వెళ్తే మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. నువ్వు చక్కగా డాక్టరు దగ్గర తోమించుకున్నావు.

హద్దా తేరుకుని అడిగింది. "మేం టీచరమ్మకేశాం గదా. ఆ కుర్చీలో పిల్లాడెందుకు కూచున్నాడు?"

ఇంకొకావిడ అంది, "తమ్ముడేగా, అడిగి తీసుకున్నాడేమో."

"అడిగితే ఇచ్చిందో, అడక్కుండా తీసుకున్నాడో! టీచరమ్మ మొహం చూడు," అంది హద్దా.

అందరూ నా మొహం చూశారు. నేను టీ పోశాను. ఆ రోజు టీ చాలా బాగా కుదిరింది, నల్లగా, నురుగుతో. ఒక్క మాట కూడా అనలేదు.

అర్జీలు ముప్పై రెండు పంపుతున్నాను. అన్నీ గని ఉద్యోగాల గురించే. అన్నిటికీ వరుస సంఖ్య వేశాను. వరుస అంటే నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు.

నజీహా


ట్యూనిస్, 11 మార్చి 2012

అక్కా,

నీ పళ్ళ ఉత్తరానికి మూడు నెలలు జవాబు రాయలేకపోయాను. అద్దం ముందు నవ్వడం మానేశాను, అది నీకు సంతోషమే అనుకుంటాను.

ఇప్పుడు నేను చెప్పేది కూడా విను. ఊరి నుంచి నాకు వచ్చే ఉత్తరాల మీద ఏమని రాస్తారో తెలుసా? "నజీహా టీచరు గారి తమ్ముడికి." నా పేరు ఉండదు. తపాలా తెచ్చే పెద్దాయన ప్రతిసారీ నవ్వుతాడు. గని ఉద్యోగాలు మంత్రిగారి చేతిలో ఉంటాయి, నేను కమిటీలో హక్కుల అధ్యాయం రాస్తున్నాను, ఆ రెండింటికీ సంబంధం లేదని ఎవరికైనా చెప్పావా? నాలుగు అర్జీలకు జవాబు రాస్తే, "టీచరమ్మ చెబితే నమ్ముతాం" అని తిరుగుటపాలో వచ్చింది.

ఇంకో మాట. ఇది నీకు రాయాలా వద్దా అని చాలాసార్లు ఆలోచించాను. సభలో ఎవరు లేచినా ముందు "నేను పద్నాలుగేళ్ళు జైల్లో ఉన్నాను" అనో, "నన్ను ఏడేళ్ళు చీకటి గదిలో పెట్టారు" అనో మొదలుపెడతారు. అప్పుడే మిగతావాళ్ళు వింటారు. నా దగ్గర చెప్పుకోడానికి ఏమీ లేదు. ఒక రోజు రాత్రి స్టేషన్లో కూర్చోబెట్టి పంపేశారు, అంతే. అందుకని, "మా అక్క పది నెలలు" అంటాను. నీ జైలు నాకు అరువు. నీకు నా కుర్చీ మీద కడుపుమంట కదా, నాకు నీ పది నెలల మీద కడుపుమంట. రాసేశాను. చింపి పారెయ్యి.

జూన్‌లో ఊరికి వచ్చి యూనియన్ హాల్లో లెక్క చెబుతాను, ఇప్పటిదాకా ఏం చేశామో, ఏం చెయ్యలేకపోయామో. సభ నువ్వే ఏర్పాటు చెయ్యి. జనం నా మీద ఎందుకో కోపంగా ఉన్నారని అమ్మర్ అన్నాడు. దేనికో నాకు అర్థం కాలేదు. నీకేమైనా తెలుసా?

ఖమీస్


జబల్ రహ్మా, 2 ఏప్రిల్ 2012

ఖమీస్,

హాలు మాట్లాడాను. జూన్ 23, శనివారం, సాయంత్రం ఐదింటికి. కుర్చీలు అమ్మర్ ఇస్తాడు.

జైలు అరువు తీసుకోనవసరం లేదు. ఊరికే ఇచ్చేస్తాను. మహిళల గదిలో ముప్పైమందికి ఒకటే మరుగుదొడ్డి, అదీ తీసుకో. నాకు అక్కర్లేదు. దాంతో ఒక్క సీటు కూడా రాలేదు.

జనానికి కోపం దేనికో తెలుసా అని అడిగావు. గని ఉద్యోగాలు రాలేదని.

నజీహా


ట్యూనిస్, 25 జూన్ 2012

నజీహా,

నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెబుతాను.

హాల్లో మాట్లాడటం మొదలుపెట్టి ఇరవై నిమిషాలు కాలేదు. హద్దా లేచి, "అయ్యా, టీచరమ్మ సీటు టీచరమ్మకెప్పుడిస్తావు?" అని అడిగింది. నేను వేళాకోళం అనుకుని నవ్వాను. నవ్వగానే వెనక నుంచి ఎవరో "వెళ్ళిపో!" అన్నారు. తర్వాత అందరూ. నిరుడు జనవరిలో మనందరం ఆ నియంత హోం మంత్రిత్వ శాఖ ముందు నిలబడి గొంతు పోయేలా అరిచిన మాట అది. ఆ మాటకే వాడు విమానం ఎక్కాడు. అదే మాట, అదే చప్పట్లు, అదే వరసలో, నా మీద.

నేను నిన్ను వెతికాను. నువ్వు ఆడవాళ్ళతో కిటికీ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నావు. నీ పెదవులు కదలలేదు. అరవలేదు, ఆపలేదు కూడా.

బయటికొచ్చాక అమ్మర్ చెప్పాడు. వాళ్ళందరూ తమ ఓటు నీకు పడిందని, దాన్ని నేను కాజేశానని అనుకుంటున్నారట. ఏడాది దగ్గర పడుతోంది, నీకు ఇది తెలియదా?

అమ్మ కుస్కుస్ చేసి ఎదురుచూస్తుంటే తినకుండా మన్సూర్ కారెక్కాను. అది మాత్రం అమ్మకు చెప్పు, పొరపాటున కాదు, కావాలనే అని.

ఖమీస్


జబల్ రహ్మా, 10 జులై 2012

ఖమీస్,

తెలుసు.

మొదటి రోజు నుంచీ తెలుసు. హద్దా చాప మీద కూర్చున్నప్పుడే తెలుసు. "గొడుగుకు వేస్తే ముందు వెళ్ళేది మా తమ్ముడు" అనడానికి ఒక్క వాక్యం చాలు. పాతికేళ్ళు పిల్లలకు భాగహారం నేర్పినదాన్ని, ఆ ఆడవాళ్ళకు నేర్పలేనా? చెబితే ఓట్లు తగ్గుతాయని చెప్పలేదు. అది మొదటి అబద్ధం, దానికి సాకు ఉంది. తర్వాత టీవీ చూసిన రోజు మాట్లాడకుండా టీ పోశానే, దానికి సాకు లేదు. వాళ్ళు నిన్ను దొంగ అంటుంటే నాకు హాయిగా ఉంది. ఇంత చల్లగా, ఎండలో నడిచొచ్చి కుండలో నీళ్ళు తాగినట్టు. ప్రతి శుక్రవారం వచ్చేవాళ్ళు. ప్రతి శుక్రవారం టీ పోశాను.

హాల్లో నోరు తెరిచాను, నువ్వు చూడలేదు. "ఆపండి, చట్టమే అలా ఉంది" అనబోయాను. అంతకు ముందు నువ్వు నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఆ తెల్లటి పళ్ళు. నోరు దానంతటది మూసుకుంది.

నియంతను గెంటిన మాటను నీ మీద వేయించింది నేను. వాడు మన మీద చేసింది కూడా ఇలాంటిదే కదా, ఓటు ఒకరికి వెయ్యి, కుర్చీలో ఇంకొకడు. నేను ఆ గాయం ఎక్కడుందో తెలిసి దాని మీదే వేలు పెట్టాను.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు, టీవీలో కూడా చెబుతావు.

వాళ్ళకు ఇంకా చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం చాలడం లేదు. జైల్లో ఇన్‌స్పెక్టరు ముందు చాలింది, హద్దా ముందు చాలడం లేదు.

నజీహా


ట్యూనిస్, 27 సెప్టెంబరు 2012

అక్కా,

రెండు నెలలు నీతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రెండున్నర నెలలు నిలబెట్టుకున్నాను.

ఇక్కడి సంగతి విను. వేసవిలో మా కమిటీలో ఒక వాక్యం వచ్చింది. ఇంట్లో స్త్రీ పాత్ర పురుషుడి పాత్రకు పూరకం అని. సమానం అనే మాట తీసేసి పూరకం అనే మాట పెట్టారు. నేను వ్యతిరేకంగా చెయ్యెత్తాను, ఓడిపోయాం. ఆగస్టులో వేలమంది ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు, నేనూ వాళ్ళ వెనక నడిచాను. నిన్న ఆ వాక్యం తీసేశారు. ఇంత చిన్న విజయం కోసం నాలుగు నెలలు పట్టింది. రాజ్యాంగం ఏడాదిలో పూర్తి చేస్తామన్నాం, ఏడాది అయిపోవస్తోంది, సగం కూడా కాలేదు. బయట అందరూ మమ్మల్ని తిడుతున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.

ఆ వాక్యం మీద కొట్లాడుతున్నన్ని రోజులూ నాకు గుర్తొచ్చింది ఒక్కటే. మన జాబితాలో నువ్వు నాకు పూరకం. అమ్మర్ చెయ్యెత్తాడు, నేను సరేనన్నాను. అడగలేదని నీకు రాశాను కదా. నిజమే, అడగలేదు. కాదనీ అనలేదు. ఇద్దరం ఒకే తప్పు చేశాం, మాట్లాడాల్సిన చోట నోరు మూసుకున్నాం.

ఈ కవరులో ఇంకో కాగితం ఉంది. సభాధ్యక్షుడికి నా రాజీనామా. సంతకం చేశాను. తేదీ ఖాళీగా వదిలాను. నువ్వు తపాలాలో వేస్తే చాలు. జాబితాలో తర్వాతి పేరుకు సీటు వస్తుంది. తర్వాతి పేరు ఎవరిదో నీకు చెప్పనక్కర్లేదు.

ఇది కోపంతో ఇవ్వడం లేదు. కొంచెం కోపంతోనే ఇస్తున్నాను.

తమ్ముడు,
ఖమీస్


జబల్ రహ్మా, 21 అక్టోబరు 2012

ఒరే తమ్ముడూ,

నీ కవరు మూడు వారాలు నా దగ్గర ఉంది. మొదటి వారం చదవడానికే సరిపోయింది. రెండో వారం గఫ్సాలో దర్జీ దగ్గరకు వెళ్ళి నీలం కోటుకు కొలతలు ఇచ్చాను. అవును, కోటు. సభలోకి ఏం వేసుకెళ్ళాలా అని ఆలోచించాను. మొదటి ప్రసంగం రాసుకున్నాను. "నేను పది నెలలు జైల్లో ఉన్నాను" అని మొదలవుతుంది. బాగుంది కూడా.

మూడో వారం తేదీ వేసి తపాలా కచేరీకి బయలుదేరాను. మెట్ల మీద హద్దా కూర్చుని ఉంది. నా చేతిలో కవరు చూసింది.

"ఏంటది? పిల్లాడు రాశాడా?"

"రాజీనామా," అన్నాను.

చప్పట్లు కొట్టింది ఖమీస్. ఆ మెట్ల మీదే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "దొంగసొత్తు కక్కాడా! చూశావా, మనం అరిచామనే కక్కాడు!"

తపాలా పెట్టె నోరు నా చేతికి జానెడు దూరంలో ఉంది. ఆవిడ అంతగా సంతోషించకపోతే వేసేసేదాన్ని, నీ మీద ఒట్టు. ఆ సంతోషం చూడలేకపోయాను. "హద్దా, వాడు దొంగ కాదు. చట్టం ప్రకారం ఆ సీటు ముందు వాడిది. నీకు ఓటప్పుడు నేను సరిగ్గా చెప్పలేదు. తర్వాత తెలిసీ చెప్పలేదు," అన్నాను.

హద్దా మళ్ళీ కూర్చుంది.

"మరి ఏడాది నించీ నా నోటితో దొంగ అనిపించావా?"

"అనిపించాను."

"నా మొగుడు చచ్చిపోయినప్పుడు కంపెనీవాళ్ళు నాకు అబద్ధం చెప్పారు. ఆళ్ళు చెబుతారు, నాకు తెలుసు. నువ్వు చెప్తావనుకోలేదే," అంది. తర్వాత అంది, "నాకొక్కదానికి చెబితే ఎట్టా? హాల్లో చెప్పు. అందరి ముందూ చెప్పు."

శుక్రవారం చెప్పాను. నూట ఇరవైమందికి పైగా వచ్చారు. నల్లబల్ల మీద ఏడు సీట్లు గీసి, ఓట్లు భాగించి, శేషం చూపించి, గొడుగుకు వచ్చిన సీటు కింద నీ పేరు రాశాను. దాని కింద నా పేరు రాశాను. తర్వాత నేను చేసింది చెప్పాను. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఒకావిడ లేచి, "మేం చదువుకోలేదని నీకు అలుసా టీచరమ్మా?" అని మాత్రం అడిగి కూర్చుంది.

ఇక ఈ కాగితం ఏం చెయ్యాలి? అమ్మర్ ఎప్పటిలాగే, "టీచరమ్మ ఇష్టం, పిల్లాడి ఇష్టం, ఇంటి సంగతి ఇంట్లో తేల్చుకోనిద్దాం," అన్నాడు.

హద్దా ఒప్పుకోలేదు. "ఇంటి సంగతేంటయ్యా? అది ఆళ్ళమ్మ పెట్టెలో నగా పంచుకోడానికి? సీటు మనం ఏసింది. ఉంచాలో పంపాలో మనమే చెప్పాలి," అంది.

అలా ఓటు పెట్టాం. చదువు రానివాళ్ళు సగంమంది కాబట్టి గింజలతో పెట్టాం. నువ్వు ఉండాలంటే చిక్కుడు గింజ, కాగితం పంపాలంటే శనగ. గుడ్డ కప్పిన కుండ పక్క గదిలో పెట్టాం. ఒక్కొక్కరే వెళ్ళి వేసొచ్చారు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఒకే వరుసలో నిలబడ్డారు, ఎవరు ముందొస్తే వాళ్ళు. హద్దా కుండను కుస్కుస్ పళ్ళెంలోకి వంచి, వేలితో విడదీస్తూ పైకి లెక్కపెట్టింది. చిక్కుడు అరవై నాలుగు. శనగ అరవై. ఒకరు రెండూ వేశారు, చెల్లదని కొట్టేశారు. అది ఎవరిదో నాకు తెలుసు. అమ్మ ఇంటికొచ్చేదాకా నా మొహం చూడలేదు.

రహస్య ఓటే అయినా నీకు చెబుతున్నాను. నేను శనగ వేశాను. నా తప్పు నల్లబల్ల మీద రాసి చేతికి సుద్ద ఉండగానే వెళ్ళి, నా కోసం నేను శనగ వేసుకున్నాను. ఆ కుర్చీ నాకు కావాలి ఖమీస్. సిగ్గుపడ్డాను, అయినా కావాలి.

నాలుగు ఓట్లతో ఓడిపోయాను. హద్దా నీ కాగితాన్ని అందరి ముందూ చింపి, "రెండు నెలలకోసారి వచ్చి లెక్క చెప్పాలని రాయి ఆ పిల్లాడికి, మొదటిసారి నవంబరు పద్నాలుగున. ఈసారి నవ్వితే ఊరుకోను," అంది. రాశాను. తర్వాత అందరం లేచి ఇళ్ళకు బయలుదేరాం. నన్ను ఓడించినవాళ్ళు కూడా నా పక్కనే నడిచారు, వాళ్ళ ఇళ్ళూ అటే కదా. ఒకావిడ నాకు వ్యతిరేకంగా వేశానని చెప్పి, రేపు మనవరాలికి లెక్కలు చెప్పమంది. సరేనన్నాను. ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో ఓడిపోయిన మనిషి ఎవరైనా ఇలా సాయంత్రం వెలుగులో కబుర్లు చెప్పుకుంటూ ఇంటికి చేరడం నేను చూడలేదు.

కోటు దర్జీ దగ్గరే ఉంది. కుట్టేశాడట, తెచ్చుకుంటాను. వచ్చే ఎన్నికల్లో జాబితాలో మొదటి పేరు నాది. నువ్వు రెండో పేరుగా నిలబడతావో, నాకు పోటీగా నిలబడతావో ఇప్పుడే రాయి.

అక్క,
నజీహా